శత్రువు ఒడ్డున తాత పళ్ళు

మా తాత స్తమాతిస్ గట్టిగా తుమ్మితే చాలు, టర్కీ నౌకాదళమంతా లంగర్లు పీక్కుని పారిపోయేదని మా గ్రీకు దీవి కస్టెలోరిజోలో ఎవరినడిగినా చెబుతారు. చెప్పకపోతే నేను చెప్పిస్తాను.

అంతటి తాత ఆ రోజు రేవుగట్టు మీద కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. గ్రీసు ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసి ఫ్రాన్సులో కట్టించుకున్న కొత్త యుద్ధనౌక మొదటిసారి మా దీవికి వచ్చింది. పాత నావికుల్లో పెద్దవాడు కాబట్టి కెప్టెన్‌కి స్వాగతం చెప్పాల్సింది ఆయనే. నోట్లో చూస్తే ఒక్క పన్ను లేదు. విరిగిన కట్టుడు పళ్ళను ఎదురుగా టర్కీ ఒడ్డున, కాష్ ఊళ్ళో, పళ్ళ డాక్టర్ తుర్గుత్‌కి బాగుచేయమని ఇచ్చాడు. మా దీవిలో సగం నోళ్ళు ఆయన చేతి పనే. ఉల్లిపాయలు, కిటికీ తెరలు కూడా ఆ ఒడ్డువే.

పళ్ళు పొద్దున్నే కూరగాయల పడవలో బయల్దేరాయి. యుద్ధనౌక ఉన్నంతసేపు టర్కీ పడవలు రాకూడదని రేవు అధికారి ఆ కూరగాయల పడవను రేవు బయటే ఆపేశాడు. టమాటా బుట్టలతో సహా పడవ కనబడుతూనే ఉంది. తాత దాన్ని చూస్తాడు, నాలుగడుగులు వేస్తాడు, మళ్ళీ చూస్తాడు.

"కూర్చోవయ్యా, గట్టు అరిగిపోతోంది," అంది నాయనమ్మ ఎవ్దోకియా.

"నోరు ముయ్యవే," అన్నాడు తాత, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

"నేను మూస్తాలే. తెరవాల్సింది నువ్వు."

కెప్టెన్ మెట్లెక్కి వచ్చి సెల్యూట్ చేశాడు. ఊరంతా చూస్తోంది. తాత చేతిరుమాలు తీసేశాడు.

"కెప్టెన్ బాబూ, ముందు ఆ పడవను రానివ్వు."

"అది టర్కీ పడవ కదా, పెద్దాయనా?"

"అవును. నా పళ్ళు దాంట్లోనే ఉన్నాయి."

గట్టంతా గొల్లున నవ్వింది. తాత చెవులు కందిపోయాయి, కాలు మాత్రం కదల్లేదు. కెప్టెన్ నవ్వాపుకుంటూ రేవు అధికారికి తల ఊపాడు. కూరగాయల పడవ యుద్ధనౌక ముక్కు కిందుగా వచ్చింది. పడవవాడు టమాటాల మధ్య నుంచి చిన్న డబ్బా తీసి రెండు చేతులా అందించాడు. తాత అటు తిరిగి పళ్ళు పెట్టుకుని, ఇటు తిరిగి ఉరిమాడు.

"శత్రువు కళ్ళెదుటే ఉన్నాడు! మనం తల వంచేది లేదు!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పడవవాడే.

ఇదంతా రాసి వినిపిస్తుంటే తాత టమాటా కొరుక్కుంటూ విన్నాడు.

"తుమ్మేంట్రా, వెధవా? ఓడలో నేను వంటవాణ్ణి. ఆ పెన్ను పక్కన పెట్టి ఉల్లిపాయలు తరుగు."