మా నాన్న మీసానికి వెల్లుల్లి వైద్యం

మా చిన్నప్పుడు... ఇంట్లో మందుల డబ్బా ఉండేది కాదు. వంటింట్లో ఉట్టి మీద వెల్లుల్లిపాయల బుట్ట ఉండేది. జలుబు చేస్తే మా నాయనమ్మ రెబ్బలు నిప్పుల మీద కాల్చి వాసన చూపించేది. చెవిపోటొస్తే నువ్వుల నూనెలో రెబ్బ వేసి కాచి, గోరువెచ్చగా చెవిలో చుక్కలు వేసేది. కడుపుబ్బరానికి పచ్చి రెబ్బ, బాలింతలకి వెల్లుల్లి కారం... "ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారే, ఈ వెల్లుల్లి దానికి అక్క" అనేది.

గుంటూరు దాకా డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే మా ఊళ్లో ప్రాణం మీదికొచ్చినట్టు లెక్క.

అప్పుడప్పుడే ఊళ్లోకి కేబుల్ టీవీ వచ్చిన రోజులు. మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. ఆ హడావుడిలో నాన్న మీసంలో ఎడమపక్క పావలా బిళ్లంత మేర వెంట్రుకలు రాలిపోయాయి... నున్నగా, పసిపిల్ల బుగ్గలాగా. పేనుకొరుకుడు అన్నారు.

మొత్తం గీసేసుకుంటే పోయేదిగా అనుకుంటారేమో. మా ఊళ్లో అది కుదరదు. తల్లో తండ్రో పోయినప్పుడే కొడుకు మీసం తీస్తాడు. మా తాతయ్య నిక్షేపంలా ఉన్నాడు, నాయనమ్మా ఉంది. వాళ్లుండగా మీసం తీస్తే వాళ్ల చావు కోరినట్టే.

సరిగ్గా అప్పుడే మా అత్తకి, అంటే నాన్న చెల్లెలికి, పిడుగురాళ్ల నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి టీచరు. అతని ఫోటోని అత్త నా సోషల్ పుస్తకంలో దాచుకుంది. అంతకుముందు నా చదువు సంగతి పట్టని మనిషి, రోజూ సాయంత్రం ఆ పుస్తకమే తెమ్మని పిలిచి మరీ చదివించేది. ఈ పెళ్లి కావాలని ఆమె నోరు విప్పి అనలేదు. కానీ ఇంట్లో అందరికీ తెలుసు.

అందరికీ ఒకటే భయం. పెళ్లివారు నాన్న మీసం చూసి, ఈ ఇంట్లో ఏదో చర్మరోగం ఉందనుకుంటే?

"వాళ్లొచ్చేలోపు మొలుస్తుందిలేరా. వెల్లుల్లి దంచి పొద్దునోసారి రుద్దు" అంది నాయనమ్మ. నాన్నకి ఆత్రం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రుద్దేవాడు. చర్మం ఎర్రబడింది, తర్వాత బొబ్బలెక్కింది, ఆఖరికి కాలిపోయి నల్లగా మచ్చ కట్టింది. వెంట్రుక మాత్రం మొలవలేదు. నాన్న కండువా మూతికి చుట్టుకుని తిరిగేవాడు. ఒకరోజు నాకు క్యారేజీ ఇవ్వడానికి బడికొస్తే, క్లాసులో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకుని "మీ నాన్న మీసం ఎలక కొరికిందంటగా" అంది. ఆ పూట నేను అన్నం తినలేదు.

పెళ్లివారు వచ్చే రోజు పొద్దున తాతయ్య నాన్నని వసారాలోకి పిలిచాడు.

"తీసెయ్యరా."

"నువ్వుండగానా నాన్నా?"

"నేనేగా చెప్పేది. పిల్ల పెళ్లి కంటే నా ఆయుష్షు ఎక్కువా?"

నాన్న దొడ్లోకి వెళ్లి గోడవైపు తిరిగి గీసుకున్నాడు. నాయనమ్మ ఆ పక్కకి రాలేదు. తీసేశాక ఆ నల్లమచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది.

పెళ్లివారు ఆటో దిగారు. అబ్బాయి తండ్రి అరుగు మెట్టు మీద కాలు పెట్టబోతూ, నాన్న మొహం చూసి ఆగిపోయాడు. తాతయ్య ఎదురుగానే మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఒకసారి తాతయ్యని, ఒకసారి నాన్నని చూసి గొంతు తగ్గించి, "అమ్మగారు ఎప్పుడు పోయారండీ? మైల ఉందని కబురు పెడితే తర్వాత వచ్చేవాళ్లం కదా" అన్నాడు.

అప్పుడే మా నాయనమ్మ కాళ్లకి నీళ్లు తీసుకుని గుమ్మంలోకి వచ్చింది.

నాయనమ్మ చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నాన్న తల దించుకుని, "ఎవరూ పోలేదండీ. పేనుకొరుకుడు... వెల్లుల్లి రుద్దితే కాలింది. అందుకని తీసేశాను" అన్నాడు. మా నాన్న అంత చిన్న గొంతుతో మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. భూమి చీలితే దూరిపోదామనిపించింది నాకు.

"మీ వంశంలో ఇంకెవరికైనా ఉందా అండీ?" అని అడిగింది అబ్బాయి తల్లి.

కాఫీలు తాగారు. అత్తని చూశారు. అత్త తల ఎత్తలేదు, కానీ ఆ అబ్బాయి పాదాల వైపే చూస్తోంది. తర్వాతి వారం మధ్యవర్తి వచ్చి, "పిల్ల బాగుందన్నారు గానీ..." అని నసిగాడు. ఆ సాయంత్రం అత్త నన్ను చదవడానికి పిలవలేదు.

తర్వాత గుంటూరులో చర్మం డాక్టరు చూసి, ఇది చాలామందికి దానంతటదే తగ్గుతుంది, ఏమీ రుద్దకుండా ఉంటే చాలన్నాడు. ఆయన అన్నట్టే కొన్నాళ్లకి మీసం వచ్చింది... ముందు తెల్లగా, తర్వాత నల్లగా. ఆ సంబంధం మాత్రం తిరిగి రాలేదు.

అత్తకి వేరే చోట పెళ్లయింది, బాగానే ఉంది. ఆ రోజు గురించి నాన్నని ఒక్క మాట అనలేదు. అనుంటే నాన్నకి కాస్త తేలికయ్యేదేమో. ఇప్పటికీ అత్త ఇంటికొస్తే, పలకరిస్తున్నంతసేపూ నాన్న చెయ్యి మూతి మీదే ఉంటుంది. ఆయనకి తెలియదు అది. అత్తకి తెలుసు... అందుకే ఆయన మొహం వైపు చూడకుండా మాట్లాడుతుంది.

ఇప్పుడు మా ఊరి కుర్రాళ్లు నెలకో రకంగా మీసం పెంచుతారు, తీసేస్తారు. ఎవరింట్లో ఎవరు పోయారని అడిగేవాళ్లే లేరు. మొన్న మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఎవరో వెల్లుల్లి ఉపయోగాలు పంపారు. అందులో పేనుకొరుకుడు కూడా ఉంది. అందరూ దండాల బొమ్మలు పెట్టారు, నాన్నా అత్తా తప్ప.

మీ ఇళ్లల్లో వెల్లుల్లితో ఏ వైద్యాలు చేసేవారో రాయండి... మా నాన్నకి చూపించను గానీ, నేను చదువుకుంటాను.