అంగి తల్లిగారిల్లు

గోదావరిఖని బడిలో మాకు తెలుగు చెప్పిన టీచరమ్మ ఏ మాటనూ ఊరికే పోనిచ్చేది కాదు. కొత్త కోడలిని ఇరుగుపొరుగు అడిగినట్టు, "దీని తల్లిగారిల్లు ఏడ?" అని అడిగేది. చెమట తుడుచుకునే దస్తీని కూడా వదల్లేదు. "దీనిది పారసీ. ఆ భాషల దస్త్ అంటే చెయ్యి" అని దాన్ని మురిపెంగా మడిచిపెట్టుకునేది.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు నేను రాసిన వ్యాసం అందరి ముందూ చదవమంది. నాయిన బొగ్గుబాయికి తొడుక్కెళ్లే అంగి గురించి, అమ్మ ఎంత ఉతికినా పోని దాని నలుపు గురించి రాశాను. మొదటి వాక్యానికే, కొత్తగా చేరిన అమ్మాయి పకపకా నవ్వింది.

"అంగి ఏంటే? చొక్కా అనాలి!"

క్లాసంతా నవ్వింది. ఇక జన్మలో నోరు తెరవకూడదనుకుని, ఆ మాట కొట్టేయడానికి పెన్ను తీశాను. టీచరమ్మ ఆ పెన్ను లాక్కుంది.

"కొట్టేస్తవేందే? అంగం మీద ఉండేది అంగి. దాని తల్లిగారిల్లు మన ఒళ్లే."

"మరి చొక్కాది, టీచర్?" అంది ఆ అమ్మాయి.

"నాకు తెల్వది బిడ్డా. నువ్వే ఎతికి చెప్పు. అందాక దాన్ని సుత మంచిగనే చూసుకుందాం."

ఈసారి ఆ అమ్మాయితో పాటు నేనూ నవ్వాను. టీచరమ్మ నావైపు తిరిగింది.

"నువ్వు మళ్ల సదువు. ఎనక బెంచీకి ఇనబడాలె."

చివరిదాకా చదివాను.

మొన్న హైదరాబాద్‌లో బట్టల షాపతను "ఏం చూపించమంటారు మేడం?" అని అడిగాడు.

"అంగి. మా నాయినకు" అన్నాను, వెనక బెంచీకి వినబడేలా.