గుమ్మంలో చూడాల్సిన పచ్చ

రంగుల కొట్లోకి వచ్చి పచ్చ కావాలన్నవాడు అంత తేలిగ్గా బయటపడడు. డబ్బాల మధ్య, తన అసలు రంగేమిటో తనే మరిచిపోయిన చొక్కాలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏ పచ్చ?" అంటాడు.

"మామూలు పచ్చేనండీ."

"మామూలు పచ్చని ఒకటి లేదు నాయనా. ఆకుపచ్చా, పసుపుపచ్చా? ఆకైతే లేతాకా, ముదురాకా? పసుపైతే కొమ్మా, పొడా?"

వచ్చినవాడు బిక్కమొహం వేసి ఏదో ఒకటి అంటాడు. పెద్దాయన తీరిగ్గా రంగు కలిపి, పుల్ల ముంచి, దాన్ని పట్టుకుని కొట్టు గుమ్మం దాకా నడుస్తాడు. వాణ్ణీ రమ్మంటాడు. "లోపల దీపం కింద ఏ రంగైనా అబద్ధమే చెబుతుంది, అదీ పచ్చి అబద్ధం. పగటి వెలుతురులో చూసి అప్పుడు తీసుకో."

నలభై ఏళ్ళుగా ఇదే వరస. కళ్ళకు గంతలు కట్టినా వాసన చూసి ఏ పచ్చో చెప్పేస్తాడని వీధిలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది ఆయనే. పచ్చతాత అని పేరు మాత్రం వీధివాళ్ళు పెట్టారు. నిజంగా తాత కావడానికి ఇరవయ్యేళ్ళ ముందే.

నిజంగా తాతయ్యే రోజు దగ్గరపడేసరికి ఆయనకు కాళ్ళు నేలమీద ఆనలేదు. కూతురు ప్రసవానికి రెండు వారాల ముందే పెరటి వైపు గది ఖాళీ చేయించాడు.

"తెల్లరంగు వేయించండి, చాలు," అంది భార్య.

"తెలుపు ఆసుపత్రులకి. నా మనవరాలు పచ్చటి గదిలో పెరగాలి."

"పుట్టబోయేది మనవరాలని మీకెవరు చెప్పారు?"

"కల్లోకొచ్చి తనే చెప్పింది. రంగు కూడా తనే ఎంచుకుంది."

నిచ్చెన ఎక్కి స్వయంగా వేశాడు. మొదటి పూత పచ్చి ఆరకముందే రెండోది వేయకూడదని తనను తాను అదుపులో పెట్టుకుంటూ, మొత్తం మూడు పూతలు. డబ్బాలో ఇంకా మిగిలిందని పైకప్పుకీ వేశాడు. నిండు పసుపుపచ్చ. భార్య గడపలో నిలబడి కళ్ళు చికిలించి చూసింది. "ఇక ఈ గదికి దీపం దండగ," అంది.

పుట్టింది మనవరాలే. ఆ ఒక్కటీ ఆయన కోతల్లో నిజమైంది.

పిల్ల ఇంటికొచ్చిన మర్నాడు, మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి నిండుగా పడుతున్న వేళ, గుడ్డలు మారుస్తున్న భార్య పిలిచింది.

"ఏమండీ, పిల్ల పచ్చగా కనిపిస్తోందేమిటి?"

"పచ్చగానే ఉంటుంది, నూరేళ్ళు," అన్నాడు ఆయన వాకిట్లోంచి, మురిసిపోతూ.

"దీవెన తర్వాత. ముందిలా రండి."

ఆ గొంతు విని లోపలికి వచ్చాడు. వంగి చూశాడు. నుదురు పచ్చ. ముక్కు పచ్చ. పొట్ట పచ్చ. పిల్ల ఒక్క క్షణం కళ్ళు తెరిస్తే తెల్లగుడ్డు కూడా పచ్చగానే అనిపించింది. ఎంత తెలుపుకి ఎన్ని చెంచాల పసుపుపచ్చ కలిపితే ఆ ఛాయ వస్తుందో లెక్క దానంతటదే బుర్రలో తిరిగింది.

"కామెర్లు," అన్నాడు.

"పొద్దున బాగానే ఉంది కదా నాన్నా," అంది కూతురు మంచం మీదినుంచి లేవబోతూ. ఇంకా పచ్చి బాలింత, ఆ మాటకే ముఖంలో రక్తం లేకుండా పోయింది.

"నా కన్ను ఎప్పుడైనా తప్పిందా అమ్మా?"

తప్పలేదు. అందుకే ఇంకెవరూ మారుమాట అనలేదు. కూతుర్ని పడుకోమని చెప్పి, భార్యాభర్తలిద్దరూ మధ్యాహ్నం అన్నం మాట అటుంచి పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా పిల్లతో బయల్దేరారు. ఎండ తగలకుండా పిల్లకు ముఖం మీదిదాకా గుడ్డ కప్పారు. దారి పొడవునా ఆయన ఆటోవాణ్ణి తొందరపెడుతూనే ఉన్నాడు.

పిల్లల డాక్టరమ్మ కూతురి వయసుది. బల్ల కిటికీ పక్కకు లాగి, గుడ్డ తీసి, బొటనవేలితో పిల్ల నుదుటిమీద నొక్కి చూసింది. ఛాతీమీదా నొక్కి చూసింది.

"పచ్చగా ఉందని ఎవరన్నారు?"

"నేనేనమ్మా. నలభై ఏళ్ళుగా రంగులు కలుపుతున్నాను."

ఆమె కామెర్లు కొలిచే చిన్న మీటరొకటి పిల్ల నుదుటికి ఆనించి అంకె చూసింది. ఇంకోసారి ఆనించింది. ఆ రెండోసారికి పచ్చతాత బల్ల అంచు పట్టుకున్నాడు.

"కామెర్లు లేవు తాతగారూ. పిల్ల శుభ్రంగా ఉంది. ఇంతకీ పడుకోబెట్టే గది గోడలేం రంగు?"

"పచ్చ," అంది భార్య.

"ఏ పచ్చ?"

నలభై ఏళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. "పసుపుపచ్చమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మూడు పూతలు."

"పైకప్పు?"

"అదీ."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి పిల్ల గుడ్డ సర్దింది. "అనుమానం వస్తే వెంటనే తీసుకురావడమే మంచిది, ఎప్పుడైనా రండి. కానీ పసిపిల్లల రంగు పగటి వెలుతురులో చూడాలండి."

"ఆ ముక్క ఊరందరికీ చెప్పేది ఈయనేనమ్మా," అంది భార్య. అలా అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తిరుగుదారిలో ఆయనకు ఆకలి వేసింది. ఇంటికి చేరాక పిల్లతో లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి, గుడ్డ తొలగించి చూశాడు. గులాబీ అందామంటే కాదు, గోధుమ అందామంటే కాదు. కొట్లో ఉన్న ఏ డబ్బాకీ అందలేదు. లోపలినుంచి కూతురు, "ఏమన్నారు నాన్నా?" అంటోంది.

"ఏమీ లేదు తల్లీ. నా తప్పే. ఇలా రా, గుమ్మంలోకొచ్చి చూడు."

మర్నాడు పొద్దున్నే గదిలో తెల్లరంగు మొదలైంది. పచ్చను మింగడానికి తెలుపు నాలుగు పూతలు పట్టింది. అవి ఆరేదాకా పిల్ల ముందుగదిలో నిద్రపోయింది.

వారం తిరక్కుండా పచ్చతాత కొట్లో ఎవరికో చెబుతున్నాడు. "నేను కలిపిన పచ్చ ఎంత చిక్కనిదంటే, గోడనుంచి దూకి పిల్లకంటుకుంది. డాక్టరమ్మ అయితే ఆ రంగు సీసాలో పట్టివ్వమని బతిమాలింది."

క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన భార్య గుమ్మంలో ఆగి, "ఇది ఏ పచ్చండీ?" అంది.