చిటికెన వేలు దూరే ముడి

మా చిన్నాన్న పోయాడని రంగూన్‌లోని పజుండౌంగ్ పేట నుంచి కబురొచ్చేసరికి నేను ఏటికి అవతలి ఒడ్డున దలా రేవులో పడవ కోసం నిలబడి ఉన్నాను. కబురు తెచ్చినవాడు రెండో మాట కూడా చెప్పాడు. ఇంట్లో ఆ సీసా ఉండగా పాడె పట్టేది లేదని కులపెద్దలు భీష్మించుకున్నారట. ఏడుపు కంటె ముందు నాకు కోపమే వచ్చింది.

సీసా సంగతి తెలియనివారికి చెబుతాను. చిన్నాన్న గంజాంలో తమలపాకు తోటల మధ్య పెరిగి, రంగూన్ రేవులో మూటలు మోసి, యుద్ధకాలంలో కూలిదళంతో ఫ్రాన్సు వెళ్లాడు. అక్కడ గుండ్లు పడి పాడైన ఒక చిన్న ద్రాక్షతోటలో గోతులు పూడ్చే పనికి పెట్టారు. తాతల నాటి తోట, తెల్లని ద్రాక్షసారాకు పేరుపడ్డదట. కొడుకులను యుద్ధంలో పోగొట్టుకున్న ముసలి దొరసాని మిగిలిన తీగలను కర్రలకు బిగించి కడుతోంది. చిన్నాన్న ఆ బిగింపు చూడలేకపోయాడు. ఆవిడ చేతిలోంచి నార లాక్కుని, మన ఆకుతోటల్లో కట్టినట్టు వదులుగా కట్టి, ముడిలో చిటికెన వేలు దూర్చి చూపించాడు.

"బాస రాకపోతే ఏటి? ఏలు దూరింది, ఆవిడ నవ్వింది" అనేవాడు. "బతికే తీగ లావెక్కుద్ది. దానికి సోటొగ్గాల."

తిరిగొచ్చాక మా ఇంటికొస్తే దోమతెర తాడు నుంచి నా బూటు తాడు దాకా వేలు పెట్టి చూసేవాడు. నాకు ఒళ్లు మండేది.

కొన్నేళ్లకు తోట మళ్లీ కాసింది. తొలి సారా సీసాల్లో ఒకటి ఓడ మీద ఆయనకు వచ్చింది. దానితో వచ్చిన ఉత్తరం మాలో ఎవరికీ చదవడం రాలేదు, అక్కర కూడా లేకపోయింది. సీసా మెడకు నార చుట్టి ఉంది, ఆ నారకు ఆయన ముడి. చుక్క ముట్టని మనిషి దాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు. సారా సీసా దేవుడి పక్కనా అని పెద్దలు మండిపడి, గుడి ముందు పగలగొట్టి తప్పు ఒప్పుకోమన్నారు.

"సచ్చిన తోట మళ్లీ లేసింది. నాను తప్పేటి సేసినాను? పగలగొట్టను."

పండుగ పిలుపులు ఆగిపోయాయి. ఆయన ఆగలేదు. ప్రతి పండుగకూ స్నానం చేసి గుడికి వెళ్లి, ఎవరూ పలకరించకపోయినా ప్రసాదానికి చెయ్యి చాచేవాడు. ఆ పొగరు నాకూ కొంత అంటించిపోయాడు. అందుకు ఆయనకు దండం.

నేను చేరేసరికి పెద్దలు వీధిలో నిలబడి ఉన్నారు. పిన్ని సీసా తెచ్చి గడప మీద పెట్టింది.

"దాటి రండి. నేదంటే ఎల్లిపొండి" అంది.

ముగ్గురు దాటారు. నాతో నలుగురం. పాడెకు నలుగురు చాలు.

పాడెకు నార కడుతుంటే "బిగించరా, జారిపోద్ది!" అని వీధిలోంచి ఒక పెద్దాయన అరిచాడు. నేను చిటికెన వేలు దూర్చి చూసుకుని, అలాగే ఉంచాను. శ్మశానం దాకా ఒక్క ముడీ జారలేదు.