పన్నెండులో ఒకటి

లాక్‌డౌన్‌లో నేను పోగొట్టుకున్నవి ఇవి: తిరుగు టికెట్టు, రెండు పెళ్లి భోజనాలు, మామిడిపళ్ల కాలం మొత్తం. ఐర్లండ్‌లోని లిమరిక్‌లో మేనకోడలిని చూడడానికి వెళ్లి అక్కడే చిక్కుకుపోయాను.

ఒకరోజు పార్కులో, పక్క బెంచీ మీద ఒక పెద్దాయన ఇనుప గంటను పుల్లతో వాయిస్తూ విసుక్కుంటున్నాడు. ఘనాలో మేనమామ దగ్గర డోలు నేర్చుకుని, ఆ సంగీతం మీదే పరిశోధన చేసి, ఇక్కడ పాఠాలు చెబుతున్న ప్రొఫెసర్.

"క్లాసు ఇప్పుడు ఫోన్‌లో. పిల్లల చప్పట్లన్నీ ఆలస్యంగా వినిపిస్తున్నాయి. ఇలాగైతే కోర్సు ఎత్తేస్తారట" అన్నాడు.

"లెక్క నాకు వదిలెయ్యండి సార్. రైస్ మిల్లు గుమాస్తాని."

ఆయన పన్నెండు మాత్రల వరుస వాయించాడు. నేను చేతులు చరుస్తూ మొదలుపెట్టాను. "లాభం, రెండు, మూడు..."

"లాభం అంటే మీ భాషలో ఒకటా, బ్రదర్?"

"కాదు సార్. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనం, లాభం అంటాం, అంటే ప్రాఫిట్. ఒకటి మనసులోనే ఉండిపోతుంది."

"మా డోలూ అంతే. ఒకటిని తను కొట్టదు, ఆడేవాడి పాదానికి వదిలేస్తుంది." కాసేపు ఆలోచించి నవ్వాడు. "రేపు చప్పట్లు మాన్పించి, అందర్నీ లేపి ఆడిస్తాను. ఎవరి ఒకటి వాళ్ల గదిలోనే పడుతుంది. గ్రాండ్."

నెల తర్వాత, కోర్సు ఎత్తెయ్యడం లేదని చెప్పి నన్నూ లేపి నిలబెట్టాడు. నా పాదం ప్రతిసారీ రెండు మీదే పడింది.

"లాభం లేకుండా ఏం వ్యాపారం, బ్రదర్?" అన్నాడు.

విమానాలు మొదలవగానే నేను వచ్చేశాను. పన్నెండులో పదకొండు అప్పజెప్పాను గానీ, ఆయనకు ఇప్పటికీ ఒక అడుగు బాకీ.