పెట్టెలో అయిదో అర

మా చెల్లెలు ఇరవై ఆరేళ్లుగా బడిలో సైన్సు చెబుతోంది. ఆమె గురించి రాసేముందు నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి, ఎందుకంటే ఆమె కూర్చునే కుర్చీ నేను చేసిందే. నా చదువు అయిదో తరగతితో సరి. అయినా ఆ బడిలో నలభై రెండు బల్లలూ తొమ్మిది తలుపులూ నా చేతివే. ఇప్పటిదాకా ఒక్క తలుపూ కిర్రుమనలేదు.

చిన్నప్పుడు ఆమె నా పనిగదిలో చేరి, మేకులన్నీ పొడవు ప్రకారం డబ్బాల్లో సర్దేది. ఆ బుద్ధే టీచరయ్యాక ఆటగా మారింది. జీవుల విభజన పాఠానికి పిల్లలు ఆవలిస్తున్నారని నాచేత ముప్ఫై చెక్క బిళ్లలు కోయించింది. ఒక్కోదాని మీద ఒక్కో జీవి బొమ్మ. బిళ్ల ఆడే పిల్ల వీపున వేలాడుతుంది కాబట్టి తానెవరో ఆ పిల్లకే తెలియదు. "నాకు వెన్నెముక ఉందా? నేను పూస్తానా?" అని తోటివాళ్లను అడిగి తేల్చుకోవాలి. తేలాక నేల మీద సుద్దతో గీసిన గుండ్రాల్లో తన దాంట్లో నిలబడాలి. ఆఖరున బిళ్లను పెట్టెలో సరైన అరలో పెట్టాలి.

పెట్టె దగ్గరే మాకు తగువొచ్చింది. వెన్నెముక ఉన్నవి, లేనివి, పూసే మొక్కలు, పూయని మొక్కలు అని నాలుగు అరలు చేశాను. అయిదోది కావాలంది.

"పుట్టగొడుగు మొక్క కాదన్నయ్యా."

"భూమిలోంచి మొలిచేది మొక్క కాకపోతే మేకా? నలభై ఏళ్లుగా చెక్కతో బతుకుతున్నవాడికి నువ్వు చెబుతావా?"

ఆమె నవ్వింది. "సరే, నాలుగే ఉంచు. అయిదోది పిల్లలే అడుగుతారు."

ఇంతలో హెడ్మాస్టరుగారు కబురు పెట్టారు. ఆట గోలకు పక్క తరగతి సాగడం లేదట. శుక్రవారం తానే వచ్చి చూస్తారట, పాఠం కనబడకపోతే ఆట బంద్. ఆమె ఆ వారమంతా అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికింది.

శుక్రవారం ఆ గదిలోనే నేను కిటికీ రెక్క బిగిస్తున్నాను. ఆట సాగింది. అందరూ గుండ్రాల్లోకి చేరారు. ఒక్క పిల్ల, అందరూ ముద్దుగా పిచ్చుక అని పిలిచేది, వీపున పుట్టగొడుగు బిళ్లతో నడుమ ఒంటరిగా నిలబడిపోయింది. హెడ్మాస్టరుగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"నువ్వెందుకమ్మా ఎక్కడికీ పోలేదు?"

"పోదామంటే చోటు లేదు సార్. నేను జంతువుని కాదంట. పోనీ మొక్కనా అంటే, పచ్చగా లేనంట, నా తిండి నేను చేసుకోలేనంట. చచ్చిపోయిన చెక్కని తింటానంట."

"చెక్కని తింటావా? ఎవరు చెప్పారు?" అని ఆయన నావైపు తిరిగారు. "మేస్త్రీ, పుట్టగొడుగు చెక్క తింటుందా?"

చెల్లెలు నన్నే చూస్తోంది. తినదంటే నా పరువు నిలుస్తుంది, ఆట పోతుంది. అబద్ధం ఆడటానికి నోరు రాలేదు, ఎందుకంటే మూడేళ్ల కిందట ఇదే బడి వంటగదిలో తడికి నాని పుచ్చిన దూలాన్ని దింపింది నేనే. దాని నిండా పుట్టగొడుగులు, లోపల చెక్క పిండిలా రాలింది.

"తింటుంది సార్. మన వంటగది దూలం తిన్నది అదే. పెట్టెలో చోటు పెట్టకపోవడం నా తప్పు."

"మరి పెట్టండి," అన్నారాయన. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "టీచరుగారూ, ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్. పక్క తరగతి అప్పుడు మైదానంలో ఉంటుంది," అన్నారు.

ఆ సాయంత్రమే అయిదో అర చేశాను. మిగతా నాలుగింటికన్నా అదే నున్నగా వచ్చింది. పిచ్చుక వచ్చి బిళ్ల పెట్టి, వేలితో అంచు తడిమి చూసింది.

"ఇంకో అర కావాలంటే ఎవరికి చెప్పాలి తాతా?"

"నాకే చెప్పు," అన్నాను. చెల్లెలు బోర్డు తుడుస్తూ అటు తిరిగి నవ్వుకుంటోంది.