జీతంలోంచి లైఫ్‌బోటుకి

డబ్లిన్‌కి ఉత్తరాన, సముద్రం పక్కనున్న ఈ ఊళ్ళో మందుల ఫ్యాక్టరీలో చేరిన మొదటి నెల నుంచీ నా జీతంలో కొంత లైఫ్‌బోటుకి పోతోంది. సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని ఒడ్డుకి చేర్చే పడవ అది. ఇన్నాళ్ళలో నన్ను పలకరించిన నాథుడు లేడు. ఆఫీసు మెట్ల దగ్గర విరాళాలిచ్చేవాళ్ళ ఫొటో పెట్టారు. అందులో నా మోచెయ్యి మాత్రం పడింది. ఇంకో ఫొటో తీయమని మెయిల్ పెట్టాను, గుర్తుచేస్తూ మళ్ళీ పెట్టాను. జవాబు లేదు.

"గుప్తదానం అనుకోండి, పుణ్యమైనా దక్కుతుంది" అంది మా ఆవిడ. అదీ నేను మర్చిపోలేదు.

కిందటి మార్చిలో ఒక శనివారం హార్బర్ దగ్గరి సెలూన్‌కి వెళ్ళాను. సెలూన్ అతను నా తల ఎడమవైపు పూర్తిచేసి కుడివైపుకి వచ్చాడో లేదో, నడుముకున్న పేజర్ మోగింది. మిషన్ బల్ల మీద పడేసి పరిగెత్తాడు. సారీ అన్న మాట కూడా లేదు. అతన్ని కడిగిపారేయాలని, మెడకి కట్టిన గుడ్డతోనే వెంటపడ్డాను.

హార్బర్ చేరాను. అలలు గోడ దాటి రోడ్డు మీద పడుతున్నాయి. చేపల వేపుళ్ళ కొట్టావిడ ఏప్రన్ విప్పి రబ్బరు సూటులోకి దూరుతోంది. మా అమ్మాయికి లెక్కలు చెప్పే టీచరు హెల్మెట్ బిగించుకుంటున్నాడు. ట్రాక్టరు లైఫ్‌బోటుని నీళ్ళలోకి తోసింది. నేను తిట్టడానికొచ్చిన మనిషి అందులో ముందు కూర్చున్నాడు. చూడ్డానికే నాకు భయమేసిన ఆ నీళ్ళలోకి వాళ్ళు బస్సెక్కినంత మామూలుగా వెళ్ళిపోయారు. పడవ ఒక అల మీద నిట్టనిలువుగా లేచి, అవతల పడి కనబడకుండా పోయింది. మళ్ళీ పైకి తేలేదాకా నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు.

పక్కన తాడు చుడుతున్న ముసలావిడని, వీళ్ళకి జీతం బాగా ఇస్తారా అని అడిగాను.

"జీతమా?" అని నవ్వింది. "ఎవరికీ లేదు నాయనా. నువ్వేంటి, ఊరికే నిలబడ్డావ్? ఆ పిల్లల్ని పడవ దిగే వాలు దగ్గరికి రానివ్వకు."

గుడ్డ ఊపుతూ అందరినీ వెనక్కి పంపాను.

చిన్న పడవలో గాలికి కొట్టుకుపోయిన తండ్రినీ కూతుర్నీ తీసుకొచ్చారు. ఆ పిల్ల చలికి నీలంగా మారి గట్టిగా ఏడుస్తోంది. ఏడుపు విని అంత సంతోషపడడం నాకు అదే మొదలు. నెలనెలా నా జీతంలో కట్టయ్యేది దీనికా అనుకున్నాను.

సెలూన్ అతను ఉప్పునీళ్ళు కారుతూ నన్ను చూసి ఆగిపోయాడు. "అయ్యో, నీ తల! రా, పూర్తిచేస్తా."

కత్తిరిస్తూ చెప్పాడు. "ఇవాళ శనివారం కాబట్టి మనుషులు దొరికారు. మిగతా రోజుల్లో అందరూ డబ్లిన్‌లో పనుల్లో ఉంటారు. ట్రాక్టరు దగ్గర చెయ్యేసేవాళ్ళు లేక పడవ ఆగిపోతుందేమోనని నా భయం. మీ ఫ్యాక్టరీ ఈ గుట్ట మీదే కదా. పేజర్ తీసుకుని, మోగినప్పుడు నువ్వూ వస్తావా?"

తీసుకుంటానన్నాను. సాయంత్రాలు శిక్షణ పూర్తిచేశాను. అయితే డ్యూటీ మధ్యలో వెళ్ళడానికి కంపెనీ ఒప్పుకుంటేనే పేజర్ ఇస్తారు. మా మేనేజర్ని అడిగాను.

"గ్రాండ్, నేను చూసుకుంటాలే" అన్నాడు. ఇక్కడ గ్రాండ్ అంటే సరే అని.

కొన్ని వారాలాగి మళ్ళీ అడిగాను.

"జీతంలోంచి ఎలాగూ ఇస్తున్నావు కదా, ఇంకేం?" అని నవ్వి మీటింగుకి వెళ్ళిపోయాడు.

మొన్న మంగళవారం పడవ ఆలస్యంగా కదిలింది. ట్రాక్టరు దగ్గర ఇంకో మనిషి కోసం ఆగారట. ఆ సమయంలో నేను గుట్ట మీద, క్యాంటీన్ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. నీళ్ళలో ఉన్నవాడు ఎలాగో బతికాడు. ఇంకోసారి ఏమవుతుందో నాకు తెలియదు. మేనేజర్ గారూ, మీకూ తెలియదు. వెళ్ళమంటారా, వద్దంటారా? ఏదో ఒకటి నా మొహం చూసి చెప్పండి.